పాత కోత ఉన్న కిడ్నీలో మళ్ళీ రాయి: పీసీఎన్ఎల్‌కి ఎలా సిద్ధం కావాలి

"పదిహేనేళ్ళ కిందట కోసి రాళ్ళు తీశారు సిస్టర్. ఇప్పుడు మళ్ళీ అదే కిడ్నీలో రాయి ఉందంటున్నారు. ఒకసారి కోసిన చోట మళ్ళీ చెయ్యొచ్చా?"

యూరాలజీ వార్డులో పనిచేసే నన్ను వారానికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

చెయ్యొచ్చు. పాత ఆపరేషన్ ఉన్నవాళ్ళకు కూడా వీపు వైపు చిన్న రంధ్రం చేసి రాయి తీసే పీసీఎన్ఎల్ మామూలుగానే చేస్తున్నారు. రాయి పూర్తిగా పోయే అవకాశం కూడా మొదటిసారి చేయించుకునేవాళ్ళకు దగ్గరగానే ఉంటుంది. కాకపోతే టైము ఎక్కువ పట్టొచ్చు, డాక్టరు ఇంకాస్త జాగ్రత్తగా చెయ్యాలి. ఆయన జాగ్రత్త పడాలంటే లోపల ఇదివరకు ఏం జరిగిందో తెలియాలి. ఆ సంగతి ఆయనకు చేరవెయ్యడం మీ పని. నేను రాసేదాంట్లో సగం దాని గురించే.

ఇవి ఉంటే మిగతాది తర్వాత చదవండి

నడుం నొప్పితో పాటు చలిజ్వరం వస్తున్నా, ఉన్న ఒక్క కిడ్నీలో రాయి ఉండి మూత్రం బాగా తగ్గిపోయినా, ఆగని వాంతులవుతున్నా ఈరోజే హాస్పిటల్‌కి వెళ్ళండి. రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము పడితే ముందు మూత్రనాళంలో స్టెంట్ (మూత్రం కిందికి దిగడానికి లోపల ఉంచే సన్నని గొట్టం) గానీ, వీపు నుంచి సన్నని గొట్టం గానీ వేసి ఆ చీము బయటికి పోనిస్తారు. జ్వరం పూర్తిగా తగ్గాకే రాయి జోలికి వెళ్తారు. "రాయి తియ్యకుండా గొట్టం వేసి డబ్బులు గుంజారు" అని డాక్టరుతో గొడవ పడినవాళ్ళను చూశాను. ప్రాణం నిలిపేది ఆ గొట్టమే.

పాత కోత లోపల ఏం మారుస్తుంది

మామూలు కిడ్నీ మెత్తని కొవ్వులో కూర్చుని, మనం ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కాస్త కిందికీ పైకీ కదులుతూ ఉంటుంది. డొక్కలో పెద్ద కోత పెట్టి రాళ్ళు తీసిన కిడ్నీ చుట్టూ ఆ కొవ్వు గట్టిపడి, కిడ్నీ పక్కనున్న కండకు అంటుకుపోతుంది. గోనెసంచిలో దబ్బనం దించడానికీ, తోలు చెప్పులో దించడానికీ ఎంత తేడా ఉంటుందో ఆపరేషన్ థియేటర్‌లో అంత తేడా కనిపిస్తుంది. సూది పక్కకు జారుతుంది, దారి చూపే సన్నని తీగ వంగిపోతుంది. దారి వెడల్పు చెయ్యడానికి చాలామంది డాక్టర్లు ప్లాస్టిక్ గొట్టాలు పక్కనపెట్టి ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గొట్టాలు వాడతారు. కదలని కిడ్నీ సూదికి తప్పించుకోదు, అది మేలే. కానీ లోపలికి వెళ్ళాక పరికరాన్ని అటూ ఇటూ బలంగా వంచితే కిడ్నీ చీరి రక్తం పోతుంది. అందుకే ఒక్కోసారి రెండో రంధ్రం చేస్తారు. అది తప్పు జరిగి కాదు, బలవంతం చెయ్యకూడదని.

ఇంకొకటి ఉంది. పాత ఆపరేషన్ అయినవాళ్ళలో పెద్దపేగు జరిగి కిడ్నీ వెనక్కి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. అలా వచ్చిందేమో సూది గుచ్చకముందే సీటీ స్కాన్‌లో చూసుకోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, దొరికితే ఆపరేషన్ నోట్సు
- పాత ఎక్స్‌రేలు, స్కానింగులు, స్టెంట్ వేసిన, తీసిన కాగితాలు
- ఇప్పటి సీటీ రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములు లేదా సీడీ కూడా
- క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్త పరీక్ష), హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు, షుగరు, యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష)
- రోజూ వేసుకునే మందులన్నీ, అట్టలతో సహా
- ఆధార్, రేషన్ లేదా ఆరోగ్య కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాగితాలు
- మీ బ్లడ్ గ్రూపు, అవసరమైతే రక్తం ఇవ్వగల ఇద్దరు మనుషులు

1. పాత ఆపరేషన్ ఏదో తేల్చుకోండి

"రాళ్ళు తీశారు" అంటే చాలదు. కోసి తీశారా, వీపులో రంధ్రం చేసి తీశారా, మూత్రం దారిలోంచి పైపు పంపి తీశారా, బయటి నుంచి షాక్ తరంగాలతో పొడి చేశారా? కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట సన్నబడితే సరిచేసే పైలోప్లాస్టీ అయిందా? ఒక్కోదానికి లెక్క ఒక్కోలా ఉంటుంది. పైలోప్లాస్టీ అయినవాళ్ళకు ఆ చోటు మళ్ళీ సన్నబడిందేమో చూడకుండా రాయి తీస్తే కొన్నాళ్ళకు రాయి తిరిగొస్తుంది.

కాగితాలు లేవా? ఒంటిమీద మచ్చ ఉంది కదా. పక్కటెముకల కింద నుంచి పొట్ట వైపు జానెడు పొడవున ఏటవాలుగా మచ్చ ఉంటే అది ఓపెన్ సర్జరీ. వీపు పక్కన రూపాయి బిళ్ళలో సగమంత మచ్చ ఉంటే పాత పీసీఎన్ఎల్ అయ్యుండొచ్చు. మచ్చను వెలుతురులో ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. నిలబడి గట్టిగా దగ్గండి. మచ్చ దగ్గర ఉబ్బితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అక్కడ కండ వదులై పేగు ముందుకు వస్తోందేమో ఆయన చూస్తారు.

ఒక పెద్దావిడ సంగతి చెప్తాను. అడ్మిషన్ కాగితంలో పాత ఆపరేషన్లు "ఏమీ లేవు" అని రాయించారు. రాత్రి గౌను మార్చేటప్పుడు చూస్తే డొక్కలో పొడవాటి మచ్చ. "ఇదేంటమ్మా?" అంటే, "అది చెబితే ఆపరేషన్ చెయ్యరని మా వాడు చెప్పొద్దన్నాడమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేశాను. పొద్దున సీటీ మళ్ళీ దగ్గర పెట్టుకుని చూసి, సూది గుచ్చే చోటు మార్చుకున్నారు, రక్తం సిద్ధంగా ఉంచారు. ఆపరేషన్ అయింది, ఆవిడ నాలుగో రోజు ఇంటికి వెళ్ళారు. దాయడం వల్ల ఆపరేషన్ ఆగదు, డాక్టరు కళ్ళకు గంతలు కట్టినట్టవుతుంది అంతే.

2. సీటీ తీయించండి

అల్ట్రాసౌండ్ ఒక్కటే పెట్టుకుని పాత కోత ఉన్న కిడ్నీలో పీసీఎన్ఎల్‌కి వెళ్ళొద్దు. మచ్చ వల్ల గట్టిపడిన చోట్లు అల్ట్రాసౌండ్‌లో రాయిలా కనిపించవచ్చు, సైజు కూడా ఎక్కువ తక్కువ చూపిస్తుంది. మందు ఎక్కించకుండా తీసే ప్లెయిన్ సీటీలో దాదాపు అన్ని రాళ్ళూ దొరుకుతాయి, మామూలు ఎక్స్‌రేకి కనపడని యూరిక్ యాసిడ్ రాళ్ళతో సహా. కిడ్నీలో మూత్రం చేరే లోపలి గదుల ఆకారం తేడాగా ఉందనిపిస్తే మందు ఎక్కించి తీసే సీటీ కూడా అడుగుతారు. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

రిపోర్టు వచ్చాక డాక్టరును ఈ నాలుగూ అడగండి: రాయి ఎన్ని మిల్లీమీటర్లు, ఏ గదిలో ఉంది, ఎంత గట్టిది, కిడ్నీ వెనక పేగు ఉందా. గట్టిదనాన్ని హెచ్‌యూ అనే అంకెతో చెప్తారు. వెయ్యి దాటితే షాక్ వైద్యానికి పగలడం కష్టం.

3. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూడండి

క్రియాటినిన్ రెండు కిడ్నీల పనినీ కలిపి చూపిస్తుంది. ఒకటి పాడైనా రెండోది లాక్కొస్తుంటే అంకె మామూలుగానే ఉంటుంది. అందుకే కిడ్నీ బాగా వాచినా, చిన్నదైనా డీటీపీఏ గానీ డీఎంఎస్ఏ గానీ స్కాన్ చేయించమంటారు. ఏ కిడ్నీ ఎంత శాతం పని చేస్తోందో దాంట్లో విడివిడిగా తెలుస్తుంది. రాయి ఉన్న కిడ్నీ పని 10 నుంచి 15 శాతానికి దిగువన ఉండి, రెండోది బాగుంటే, రాయి తియ్యడం కంటే కిడ్నీనే తీసెయ్యడం మేలా అన్న చర్చ వస్తుంది. వినగానే కంగారు పడొద్దు. ఇంకొక యూరాలజిస్టుకు కూడా చూపించుకోండి, అందులో తప్పేమీ లేదు.

4. యూరిన్ కల్చర్‌లో తేడా రాకూడదు

పదేపదే రాళ్ళు వచ్చిన కిడ్నీలో సూక్ష్మక్రిములు రాయిలోనే దాక్కుని ఉండొచ్చు. రాయి పగలగొట్టగానే అవి రక్తంలోకి వచ్చేస్తాయి. పీసీఎన్ఎల్ తర్వాత నేను ఎక్కువ భయపడేది రక్తం పోవడం గురించి కాదు, ఈ ఇన్ఫెక్షన్ గురించే.

శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార స్టెరైల్ డబ్బాలో పట్టి గంటలోపు ల్యాబ్‌కి ఇవ్వండి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందే ఇచ్చెయ్యండి. క్రిములు పెరిగితే వాటికి పనిచేసే మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి. కల్చర్ ఇవ్వకముందే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని రెండు బిళ్ళలు వేసుకోవడం అందరూ చేసే పొరపాటు. అప్పుడు కల్చర్ శుభ్రంగా వస్తుంది, క్రిములు మాత్రం లోపలే ఉంటాయి.

5. మందుల లెక్క చెప్పండి

ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందుల గురించి యూరాలజిస్టుకూ గుండె డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో వాళ్ళిద్దరూ మాట్లాడుకుని చెప్తారు. గుండెలో ఈమధ్యే స్టెంట్ వేసి ఉంటే మీ అంతట మీరు ఒక్క రోజు కూడా మానొద్దు. ఆపడానికి వీల్లేని మందులైతే మూత్రం దారిలోంచే వెళ్ళి లేజర్‌తో పొడిచేసే పద్ధతి ఆలోచిస్తారు.

షుగరు బిళ్ళల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి సాధారణంగా మూడు రోజుల ముందు ఆపిస్తారు. మత్తు డాక్టరుకు అట్ట చూపించండి, పేరు గుర్తు లేకపోయినా పరవాలేదు.

ఇంటి మందుల గురించి కూడా చెప్పాలి. కొండపిండి కూర, ఉలవ కట్టు, అరటిదవ్వ రసం మన ఇళ్ళలో ఉన్నవే. కూరలా తినేదానికి నేను అడ్డు చెప్పను. కానీ రెండు సెంటీమీటర్ల రాయి వాటితో కరగదు. ఆర్నెల్లు వాటి మీద గడిపి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. క్రియాటినిన్ పెరిగినవాళ్ళు పొటాషియం ఎక్కువుండే రసాలు, కొబ్బరినీళ్ళు డాక్టరును అడగకుండా తాగొద్దు.

6. ఏ పద్ధతో కూర్చుని మాట్లాడండి

రాయి రెండు సెంటీమీటర్లు దాటితే సాధారణంగా పీసీఎన్ఎల్. దానికంటే చిన్నదైతే ఆర్ఐఆర్ఎస్ చెయ్యొచ్చు, అంటే మూత్రం దారిలోంచి వంగే సన్నని పైపు పంపి లేజర్‌తో పొడి చెయ్యడం. పాత మచ్చ ఉన్న వీపు జోలికే వెళ్ళరు కాబట్టి చిన్న రాళ్ళకు ఇది బాగుంటుంది. అయితే మూత్రనాళం సన్నగా ఉంటే ముందు స్టెంట్ వేసి రెండు వారాల తర్వాత రమ్మంటారు. గదుల మధ్య దారి పాత ఆపరేషన్‌లో బిగుసుకుపోయి ఉంటే షాక్ వైద్యంలో రాయి పగిలినా ముక్కలు కిందికి దిగవు.

పీసీఎన్ఎల్‌లోనే మామూలుదీ, మినీ అనీ ఉన్నాయి. మామూలు దాంట్లో రంధ్రం సుమారు ఒక సెంటీమీటరు వరకు, మినీలో దాదాపు సగం. మినీలో రక్తం తక్కువ పోతుంది, పెద్ద రాయికి టైము ఎక్కువ పడుతుంది.

డాక్టరును సూటిగా అడగండి: "ఓపెన్ సర్జరీ అయిన కిడ్నీల్లో మీరు ఇది చేశారా? రక్తం ఆగకపోతే రక్తనాళంలోంచి వెళ్ళి ఆపే సౌకర్యం ఇక్కడ ఉందా? లేకపోతే ఎక్కడికి పంపుతారు? ఒక్కసారిలో అంతా రాకపోతే ఎలా?" మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. ఉన్నది ఒక్కటే కిడ్నీ అయితే రెండో ప్రశ్నకు అవునన్న చోటే చేయించుకోండి. మార్పిడి చేసిన కిడ్నీలో రాయి వస్తే మార్పిడి చేసిన సెంటర్‌కే వెళ్ళండి.

ఖర్చు గురించి ఒక మాట. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పీసీఎన్ఎల్ ఉంది. ముందు అనుమతి రావాలి కాబట్టి అడ్మిట్ అయ్యే రోజే కాగితాలు ఇవ్వండి. పాత ఆపరేషన్ వివరం అందులో కూడా రాయించండి.

7. ఆపరేషన్ రోజు

అన్నం, టిఫిన్ లాంటివి కనీసం ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు, మీ హాస్పిటల్ ఏం చెప్తే అదే చెయ్యండి. ఏ వైపు ఆపరేషనో మార్కర్‌తో గుర్తు పెట్టారా అని మీరే అడగండి. రెండు వైపులా మచ్చలున్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

లోపల ముందు మూత్రం దారిలోంచి సన్నని గొట్టం పంపుతారు. తర్వాత చాలాచోట్ల బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే చూస్తూ సూది గుచ్చి దారి చేస్తారు. బయట కూర్చున్నవాళ్ళకు: గంటన్నర అన్నది మూడు గంటలైనా టెన్షన్ పడొద్దు. పాత మచ్చలో దారి చెయ్యడానికే ఎక్కువ టైము పోతుంది.

8. బయటికొచ్చాక ఏం చూడాలి

వీపులోంచి ఒక గొట్టం, మూత్రం దారిలో ఇంకొకటి ఉండొచ్చు. లోపల స్టెంట్ బయటికి కనపడదు. మొదటి రోజు బ్యాగులో పుచ్చకాయ రసం రంగు ఉంటే మామూలే. పూటపూటకీ పలచబడాలి. ప్రతి బ్యాగునూ ఫోటో తీసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. చిక్కగా ఎర్రగా మారినా, గడ్డలు పడుతున్నా, బ్యాగులోకి ఉన్నట్టుండి ఏమీ రాకపోయినా వెంటనే పిలవండి. గొట్టం మెలికపడి పక్కలో నలిగిందేమో ముందు చూడండి, సగం సార్లు అదే. వీపు గొట్టాన్ని మీరు మాత్రం పట్టి లాగొద్దు, పిన్ను పెట్టి మూసెయ్యొద్దు.

పొట్ట గట్టిగా ఉబ్బడం, ఆయాసం, వణుకుతో జ్వరం, గొట్టంలో మలం లాంటి రంగు లేదా గాలి బుడగలు. వీటిలో ఏది కనిపించినా రాత్రి రెండైనా సిస్టర్‌ను లేపండి. లేపినందుకు ఎవరూ కోప్పడరు.

గొట్టం తీశాక ఆ రంధ్రంలోంచి ఒకట్రెండు రోజులు మూత్రం కారడం ఉంటుంది. ఆ తర్వాత కూడా కట్టు తడిసి ముద్దవుతుంటే స్టెంట్ మూసుకుపోయిందేమో చూడాలి.

9. ఇంటికెళ్ళాక

మూడు వారాలు బరువులు ఎత్తొద్దు, నీళ్ళ బిందె కూడా. దూరం బండి మీద వెళ్ళొద్దు. మలబద్ధకం రానివ్వొద్దు.

దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి: అంతా బాగుందనుకున్నాక, వారం పది రోజులకో రెండు మూడు వారాలకో ఉన్నట్టుండి మూత్రం ఎర్రగా గడ్డలతో రావచ్చు. లోపల రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లితే ఇలా అవుతుంది. "వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చోవద్దు. నేరుగా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి. తొడ లేదా చేతి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆ చోటు మూసేస్తారు, మళ్ళీ కొయ్యనక్కర్లేదు. 101 డిగ్రీల జ్వరం దాటినా, మూత్రం ఆగిపోయినా అంతే, ఆగకుండా రండి.

10. స్టెంట్ తీయించుకోండి

స్టెంట్ ఉన్నన్నాళ్ళు మూత్రం మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, మూత్రం పోసేటప్పుడు నడుంలో లాగడం మామూలే. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తీసేస్తారు. మంట తగ్గిపోయిందని, పొలం పనులొచ్చాయని, ఊరు దూరమని వదిలేసినవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో వస్తారు, స్టెంట్ చుట్టూ రాయి కట్టి. అప్పుడు దాన్ని తియ్యడానికే ఇంకో పెద్ద ఆపరేషన్. అసలే పాత కోత ఉన్న కిడ్నీ. డిశ్చార్జ్ రోజే స్టెంట్ తీసే తేదీ అడిగి గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో అలారం పెట్టించండి.

11. రాయి నిజంగా పోయిందా?

నొప్పి పోతే రాయి పోయినట్టు కాదు. ఒకటి నుంచి మూడు నెలల్లోపు మళ్ళీ స్కానింగ్ చేయించాలి. పాత మచ్చలున్న కిడ్నీలో అల్ట్రాసౌండ్ తికమక పెడితే తక్కువ రేడియేషన్‌తో ప్లెయిన్ సీటీ తీయమని అడగొచ్చు. "చిన్న ముక్క ఉంది, పడిపోతుంది" అంటే ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకోండి. నాలుగు మిల్లీమీటర్ల లోపువి చాలావరకు పోతాయి, కొన్ని పెరుగుతాయి కూడా. ఇన్ఫెక్షన్ వల్ల కట్టిన రాయి అయితే చిన్న ముక్కనూ వదలకూడదు.

తీసిన రాయి ముక్కల్ని చూసి పారెయ్యొద్దు. థియేటర్‌లోకి వెళ్ళకముందే "రాయి మాకు కావాలి సిస్టర్" అని చెప్పి ఉంచండి. కడిగి ఆరబెట్టి చిన్న డబ్బాలో వేసి స్టోన్ అనాలిసిస్‌కి పంపండి. యూరిక్ యాసిడ్ రాయి అని తేలితే ఇంకోసారి వచ్చేది మందుతోనే కరిగించే వీలుంది. రెండోసారి రాయి వచ్చినవాళ్ళు రక్తంలో కాల్షియం, యూరిక్ యాసిడ్ తప్పకుండా చూపించుకోండి. కాల్షియం ఎక్కువుంటే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) కూడా. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి వాచి రాళ్ళు చేస్తుంటే, అది తియ్యనంతకాలం కిడ్నీని ఎన్నిసార్లు శుభ్రం చేసినా రాళ్ళు వస్తూనే ఉంటాయి.

నీళ్ళు ఎన్ని తాగుతున్నారో కాదు, మూత్రం ఎంత వస్తోందో కొలవండి. నెలకొక రోజు లీటరు సీసా పెట్టుకుని పట్టి చూడండి. రోజుకు రెండున్నర లీటర్లు రావాలి. ఎండలో పనిచేసేవాళ్ళకు నాలుగు లీటర్లు తాగినా ఒక్కోసారి అంత రాదు. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్ళు తగ్గించమన్నవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

12. ఈసారి కాగితాలు పోనివ్వకండి

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఆపరేషన్ నోట్సు కాపీ అడిగి తీసుకోండి. ఏ గదిలోకి సూది వేశారు, ఎన్ని రంధ్రాలు, ఎంత రక్తం ఎక్కించారు, స్టెంట్ ఎప్పుడు వేశారు అన్నవి అందులో ఉండాలి. ఫోటో తీసి మీ వాట్సాప్‌కీ, ఇంట్లో ఇంకొకరి వాట్సాప్‌కీ పంపండి. అసలు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన "కిడ్నీ ఆపరేషన్" అనీ, తేదీ అనీ, కుడి ఎడమల్లో ఏ వైపో అనీ పెద్ద అక్షరాలతో రాసి, ఇంటి పట్టాలు దాచే చోట దాచండి.